తొమ్మిది గేర్లు సరిపోతాయా?

సైకిల్ తొక్కడం ఆపి ఊరికే వదిలేస్తే వెనక చక్రంలోంచి టికటికమని ఒక చప్పుడు వస్తుంది. ఫ్రీవీలు చప్పుడు. చిన్నప్పుడు మా తెనాలి వీధుల్లో ఆ చప్పుడు వినపడితే ఎవరో వెనకాల వస్తున్నారని పక్కకి తప్పుకునేవాళ్లం, అంతే. దానికోసం చెవులు రిక్కించి కూర్చునే రోజు వస్తుందని నాకేం తెలుసు? రెండువేల సంవత్సరం చివర్లో, సిడ్నీలో, కెల్లీవిల్‌లో మేం అద్దెకున్న ఇంట్లో, గరాజ్‌లోంచి ఆ చప్పుడు వస్తోందంటే మా ఆయన బతికే ఉన్నారని నాకు అర్థం.

మేం వచ్చింది తొంభై ఎనిమిదిలో. పాత పెద్ద కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసిపెట్టారట. తొంభై తొమ్మిది దాటి సున్నా సున్నా వస్తే అది పందొమ్మిదివందలో రెండువేలో వాటికి తెలియదట. ఆ లెక్క సరిచెయ్యడానికి మనవాళ్లని విమానాల్లో ఎక్కించి తెచ్చారు. మా ఆయన కోబాల్ మనిషి, ఆ పాత కంప్యూటర్ల భాష అది. పాత ప్రోగ్రాములో చెయ్యి పెట్టడమంటే నిద్రపోయే పసిపిల్ల కిందనుంచి దుప్పటి లాగడమే అనేవారు. ఎంత అవసరమో అంతే తాకాలి, మిగతాది దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. పక్క సీటు కుర్రవాళ్లు మొత్తం కొత్తగా రాసేద్దామంటే ఆయనకి ఒళ్లు మండేది. ఆ పద్ధతి మీద ఆయనకి గర్వం ఉండేది, ఉండాల్సిందే కూడా.

తొంభై తొమ్మిది డిసెంబరు ముప్ఫై ఒకటిన ఊరంతా హార్బర్ దగ్గర బాణసంచా చూస్తుంటే ఆయన ఆఫీసులో తెర ముందు కూర్చున్నారు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడటమే ఆయన పని. ఏమీ జరగలేదు కాబట్టి ఆయన చేసిన పని ఎవరికీ కనపడలేదు. ఆ తర్వాత కొత్త పన్ను వస్తోందని, బిల్లులన్నీ మార్చాలని ఇంకో ఆరునెలలు ఉంచుకున్నారు. జూలైలో ఆ పన్నూ వచ్చేసింది. కాంట్రాక్టు అయిపోయిందని చెప్పి, కేకు కోసి, కరచాలనం చేసి పంపించేశారు.

నాకు కాసిల్ హిల్‌లో ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పని దొరికింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి గుమ్మడికాయ సూపు కలిపేదాన్ని. దానికి నేనేం బాధపడలేదు, గరిటె ఎక్కడైనా గరిటే. కారు నేను తీసుకెళ్లేదాన్ని. ఆరేళ్ల పాప స్కూలుకి పోయేది. ఆయన ఇంట్లో ఫోన్ పక్కన కూర్చునేవారు. అప్పట్లో సిడ్నీ అంతా ఒలింపిక్స్ సందడి. మా ఇంట్లో మాత్రం ఆ ఫోను ఎప్పుడు మోగుతుందా అన్నదే సందడి.

ఆ రోజుల్లోనే పక్కవీధిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెడితే ఒక పాత రేసు సైకిల్ తెచ్చారు. సన్నటి టైర్లు, వంకీ హ్యాండిలు, ఆకుపచ్చ రంగు ఇనప ఫ్రేము. పొద్దున్నే దానిమీద కాసిల్ హిల్ వైపు వెళ్లేవారు. అది పేరుకి తగ్గట్టే ఎత్తు. సగం దూరంలో పెంగ్విన్ బొమ్మ లెటర్‌బాక్స్ ఉన్న ఇల్లు ఒకటుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మోకాళ్లు ఆగిపోయేవి. దిగి, బండి నడిపించుకుంటూ వెనక్కి వచ్చేవారు. రోజూ అక్కడే. "ఆ పెంగ్విన్ నన్ను చూసి నవ్వుతోందే" అనేవారు. మొదట్లో నేనూ నవ్వాను.

వెనక చక్రానికి ఏడు పళ్లచక్రాలున్నాయట, చిన్నదాన్నించి పెద్దదాకా. వాటిలో పెద్దది ఎంత పెద్దదైతే ఎత్తు ఎక్కడం అంత తేలికట. ఉన్న ఏడింటిలో పెద్దది చాలినంత పెద్దది కాదు. తొమ్మిది ఉండే కొత్త సెట్టు దొరికితే దాన్ని తగిలిస్తే చాలు, మిగతా బండిలో ఏమీ తాకక్కర్లేదు. ఇదీ ఆయన పథకం. ఎంత అవసరమో అంతే.

"మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె" అన్నాను.

"మెతుక్కి నువ్వున్నావుగా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదు.

లోకల్ పేపర్లో అలాంటి సెట్టు అమ్మకానికి ఉందన్న ప్రకటన చూసి ఒకాయనకి ఫోన్ చేశారు. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. తన బండి సంగతంతా చెప్పకుండా, ఈయన అడిగింది ఒక్కటే ప్రశ్న. "విల్ ఇట్ బి ఎనఫ్ ఫర్ మై వీల్?" అవతలాయన గట్టిగా నవ్వాడు కాబోలు, ఈయన కూడా నవ్వారు. "మోర్ దాన్ ఎనఫ్ అంటున్నాడే! తొమ్మిదంటే ఎక్కువే అంటున్నాడు" అని ఫోన్ పెట్టేశారు. నాకూ అందులో తప్పేం కనపడలేదు. చెప్పు కాలికి సరిపోతుందా అన్నా, అన్నం నలుగురికీ సరిపోతుందా అన్నా మనకి ఒకటే మాట కదా. ఆయన అడగాలనుకున్నది మొదటిది. ఇంగ్లీషులో అడిగింది రెండోది.

తెచ్చాక తగిలించబోతే పట్టలేదు. ఏడింటికి చేసిన ఇరుసు పొట్టిదట, తొమ్మిదోది బయట వేలాడుతోంది. సరే, తొమ్మిది పట్టే చక్రం కావాలి. ఎక్కడో సెకండ్‌హ్యాండులో చక్రం సంపాదించారు. ఆ చక్రం ఇరుసు వెడల్పు, ఫ్రేము వెనక కాళ్ల మధ్య ఖాళీ ఇరుకు, నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. పాత చైను లావు, కొత్త పళ్ల మధ్య సందు సన్నం, కాబట్టి చైనూ మార్చాలి. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఒక్కచోట తాకి మిగతాది వదిలేద్దామనుకున్న మనిషికి, తాకనక్కర్లేనిది ఒక్కటీ కనపడలేదు.

ఒక్కటి కనపడింది, నిజానికి. ఫ్రేము పైపు మీద గేర్లు మార్చే చిన్న మీట. కొత్త బండ్లలో మీట నొక్కితే క్లిక్కుమని ఒక్కొక్క గేరు పడుతుంది, అవి ఎన్ని గేర్లకి చేస్తే అన్నింటికే పనికొస్తాయి. ఈ పాతదానికి క్లిక్కు లేదు. వేలితో జరుపుకుంటూ, చెవితో వింటూ, గేరు పడిందో లేదో మనమే కనుక్కోవాలి. అందుకని దానికి ఏడైనా ఒకటే, తొమ్మిదైనా ఒకటే. ఇంటర్నెట్‌లో చదివి ఆ సంగతి తెలుసుకున్న రోజు ఆయన మొహం వెలగడం చూశాను. ఆ నెలల్లో అదే చివరిసారి.

ఆ ఇంటర్నెట్ మీద మాకు గొడవలు. డయలప్ కదా, ఫోన్ లైను మీదే నడిచేది, అది తెరిస్తే ఇంక ఫోన్లు రావు.

"ఉద్యోగాల ఏజెన్సీవాళ్లు ఫోన్ చేస్తే ఎంగేజ్ వస్తుంది కదండీ! చక్రాలూ పళ్లూ తర్వాత చూసుకోవచ్చుగా?"

"చేసేదెవరే?" అన్నారు. గొంతు పెంచకుండా అన్నారు. గొంతు పెంచి ఉంటే బాగుండేది.

ఫోన్లు రాకపోలేదు. వచ్చినవన్నీ ఒకే పాట పాడేవి. చాలా మర్యాదగా, చాలా తియ్యగా, "యు ఆర్ నాట్ ద రైట్ ఫిట్" అనేవారు. ఆయన ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి ప్రతిసారీ ఒకే మాట అనేవారు. "సరిపోలేదట." నేను తలూపి కూర తిరగవేసేదాన్ని. తెలిసినవాళ్ల ఇంట్లో బార్బీకి, అదే, పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుకి వెళ్తే మగవాళ్లంతా జావా అనే కొత్త కంప్యూటర్ భాష గురించి మాట్లాడుకుంటున్నారు. ఒక అంకుల్ వచ్చి, "ఇంకా ఏం రాలేదా బాబూ? కోబాల్ ఈజ్ గాన్ కదా, యు షుడ్ రీస్కిల్" అని భుజం తట్టి మటన్ చాప్స్ వడ్డించారు. మంచివాడే పాపం. ఆ తర్వాత మా ఆయన ఏ ఇంటికీ రాలేదు.

గడ్డం గీసుకోవడం మానేశారు. పాపతో ఆడటం మానేశారు. అది "డాడీ, లుక్ ఎట్ మై డ్రాయింగ్" అంటే చూసేవారు గానీ, చూసింది కళ్లే. ఒక సాయంత్రం నేను అన్నం వడ్డిస్తుంటే కంచంలోకి చూస్తూ అన్నారు.

"నేను పోతే మీరిద్దరూ ఇండియాలో హాయిగా ఉంటారు."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎక్కడికి పోతే?"

"ఊరికే అన్నాలే. పప్పు వెయ్యి."

పోవడం అంటే వెళ్లిపోవడం. పోవడం అంటే ఇంకోటి కూడా. ఏది అన్నారో మళ్లీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఏదన్నా అఘాయిత్యం చేసుకుంటారేమో అన్న భయం ఆ పూట లోపలికి వచ్చి కూర్చుంది. ఎవరికి చెప్పుకోను? డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "నాకేం జబ్బు?" అన్నారు. మా వాళ్లెవరికైనా చెబితే ఊరంతా టముకు వేసినట్టే. అప్పుడు నాకు తోడు ఆ టికటిక ఒక్కటే. వంటింటికీ గరాజ్‌కీ మధ్య ఒక్క గోడ. గరాజ్ రోలర్ డోరుని మేం షట్టర్ అనేవాళ్లం. వెలుతురు కోసం ఆయన దాన్ని సగం ఎత్తి ఉంచి, స్టాండు మీద చక్రం తిప్పి వదిలేవారు. టికటికటిక. నేను చపాతీ ఒత్తేదాన్ని. చప్పుడు ఆగితే అప్పడాలకర్ర ఆగేది. మళ్లీ మొదలైతే మళ్లీ ఒత్తేదాన్ని. పనిలో ఉన్నప్పుడు ఏదో వంకతో ఇంటికి ఫోన్ చేసి, ఎంగేజ్ వస్తే, దేవుడా, చక్రాల గురించి చదువుకుంటున్నారు అని దండం పెట్టుకునేదాన్ని. ఏ ఎంగేజ్ గురించి పోట్లాడానో దానికే మొక్కాను.

అక్కడ డిసెంబరంటే ఎండాకాలం. ఆ ఎండల్లో ఒకరోజు ఆశ్రమం వంటింట్లో గ్యాస్ స్టవ్వులు చెడిపోతే మధ్యాహ్నమే ఇంటికి పొమ్మన్నారు. బయల్దేరే ముందు ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఎంగేజ్ రాలేదు. కారు ఎలా నడిపానో గుర్తులేదు. ఇంటి ముందుకి వచ్చేసరికి షట్టర్ నేలదాకా దించి ఉంది. ఆ వేడిలో, ఆ రేకుల గదిలో, షట్టర్ దించుకుని ఎవరు పని చేస్తారు? చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు.

ఇంట్లోంచి గరాజ్‌లోకి ఒక తలుపుంది. అది లోపల గడియ పెట్టి ఉంది. రెండు చేతులతో బాదాను. ఆయన్ని జన్మలో పేరు పెట్టి పిలవలేదు, ఆ రోజు పిలిచాను. ఊళ్లో మా అమ్మ వింటే ముక్కున వేలేసుకునేది. ఎంతసేపు బాదానో, చివరికి గడియ తీసిన చప్పుడైంది.

తలుపు తీసి ఆయన వెనక్కి వెళ్లి సిమెంటు నేలమీద కూర్చున్నారు. చెమటతో బనీను తడిసిపోయింది. కొత్త చక్రం ఒళ్లో పెట్టుకున్నారు. లైటు కూడా వెయ్యలేదు. నేను ఆ గదిలో ఇంకేం ఉందో చూడలేదు. చూడదల్చుకోలేదు. ఆయన మొహమే చూశాను.

"పొద్దున ఫోన్ వచ్చిందే" అన్నారు. "ఆ పర్రమట్టా ఆఫీసువాళ్లు. మూడుసార్లు ఇంటర్వ్యూకి పిలిచారు కదా, ఈసారి వస్తుందనుకున్నా. నేను సరిపోలేదట."

"ఏమన్నారు?"

"చెప్పాగా. సరిపోలేదన్నారు."

"వాళ్లు తెలుగులో చెప్పలేదు కదండీ. వాళ్లన్న మాట చెప్పండి."

"నాట్ ద రైట్ ఫిట్." చక్రం అంచు తడుముకుంటూ అన్నారు. "ఎంత చదివినా, ఎంత చేసినా, ఎవరికీ సరిపోను నేను. నీకూ సరిపోలేదు, పాపకీ సరిపోలేదు."

అప్పుడు నాకు తెలిసొచ్చింది, ఇన్ని నెలలుగా ఆ మనిషి లోపల ఏం జరుగుతోందో. సైకిల్ సామాను కొన్నప్పుడు పట్టుతుందా అని అడగబోయి చాలుతుందా అని అడిగారు. ఇప్పుడు వాళ్లు పట్టలేదంటుంటే ఈయన చాలలేదని వింటున్నారు. ప్రతి ఫోనూ పెట్టేసి, ఆ మాటని మన మాటలోకి మార్చుకుని, నువ్వు చాలవు అని తనకి తనే చెప్పుకుంటున్నారు. నాకు కోపం వచ్చింది. భయం తీరకముందే కోపం వచ్చింది, నా తత్వం అంతే.

"చాలవు అన్నారా వాళ్లు? అన్నారా?" అని అరిచాను. "కుదర్లేదు అన్నారు! మీకు తెలుగు కూడా మర్చిపోయే రోజులొచ్చాయా? మా అక్కకి నాలుగు సంబంధాలు కుదర్లేదు. కుదర్లేదు అన్నామా, పిల్ల చాల్లేదు అన్నామా? ఆ తొమ్మిది గేర్లది ఆ పాత చక్రానికి పట్టలేదు. దానిలో ఏం లోటుంది చెప్పండి? దానిలో లోటుందా?"

ఆయన చక్రం వైపు చూశారు. నా వైపు చూశారు. కుదర్లేదు, అని మెల్లిగా అన్నారు, అప్పుడే నేర్చుకుంటున్న మాటలాగా. తర్వాత ఏడ్చారు. పెళ్లైన పదేళ్లలో ఆయన ఏడవగా చూడలేదు నేను. నేను కూడా ఆ సిమెంటు మీద కూలబడి ఏడ్చాను. మీరు పోతే నాకేం హాయి, ఎవరు చెప్పారు మీకు ఆ మాట, అని భుజం మీద కొడుతూ ఏడ్చాను.

కాసేపటికి లేచి షట్టర్ పైదాకా ఎత్తాను. వెలుతురొచ్చింది. "ఇంకా ఎందుకు పట్టించలేదు ఆ చక్రాన్ని?" అన్నాను.

"ఫ్రేము కాళ్లు వెడల్పు చెయ్యాలి. అల్యూమినియమైతే విరుగుతుంది. ఇది ఇనుము, సాగుతుందంటారు. కానీ తాకాలంటే భయమేస్తోందే. విరిగితే?"

"విరిగితే విరిగింది. పట్టుకోండి."

హార్డ్‌వేర్ షాపులో కొన్న పొడుగాటి మరబోల్టు ఎప్పట్నుంచో అటకమీద ఉంది. దాన్ని ఫ్రేము కాళ్ల మధ్య పెట్టి, నట్లు కొద్దికొద్దిగా తిప్పి బయటికి తోయాలి. ఆయన ఒక పక్క, నేను ఒక పక్క. తిప్పి వదిలితే ఇనుము మళ్లీ పాత చోటికే వచ్చేసింది. ఇంకొంచెం ఎక్కువ తిప్పాం. మళ్లీ వెనక్కి వచ్చింది, అయితే ఈసారి పూర్తిగా రాలేదు. స్కేలు పెట్టి చూసుకుంటూ, మళ్లీ మళ్లీ. ఇనప్పైపు ఒకసారి కిర్రుమంది. విరగలేదు.

చక్రం లోపలికి జారింది. ఏ పక్కకీ రాసుకోకుండా మధ్యలో కూర్చుంది. ఆయన తిప్పి వదిలారు. టికటికటిక. నేను గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాను.

"కుదిరింది" అన్నారు.

మర్నాడు డాక్టరు దగ్గరికి వచ్చారు. నేను పక్కనే కూర్చున్నాను. అక్కడేం చెప్పారో అది ఆయన సొంతం, ఇక్కడ రాయను. ఉద్యోగం అప్పుడేం రాలేదు. అంత తేలిగ్గా తెల్లారితే ఇంకేం. కానీ షట్టర్ మళ్లీ దించలేదు. కొత్త చైను వేశారు, పాత మీట అలాగే ఉంచారు.

ఎండ తగ్గిన ఒక ఆదివారం కాసిల్ హిల్ వైపు బయల్దేరారు. నేనూ పాపా గేటు దగ్గర నిలబడ్డాం. వెళ్లిరావడానికి పట్టేంత సేపూ అయింది, ఇంకా కాసేపూ అయింది. పాప "వేర్ ఈజ్ డాడీ?" అంది. "వస్తారమ్మా" అన్నాను. పాత భయం మళ్లీ లేచి నిలబడింది. అప్పుడు మలుపు అవతల్నించి, మనిషి ఇంకా కనపడకముందే, ఆ చప్పుడు వినపడింది. కొండ దిగేటప్పుడు ఎవరూ తొక్కరు కదా.

"డాడీ!" అని పాప పరుగెత్తింది.

ఆయన బండి ఆపి, ఒగర్చుకుంటూ నవ్వారు. ఈసారి కళ్లదాకా వెళ్లింది. "పెంగ్విన్ దాటానే. దిగలేదు. పైదాకా దిగలేదు." పాపని ఎత్తి సీటు మీద కూర్చోబెట్టారు. అది బెల్లు కోసం వెతుక్కుంటుంటే నావైపు తిరిగి, దానికి వినపడకుండా అన్నారు.

"ఆ రోజు షట్టర్ దించింది బండి పని కోసం కాదే."

"తెలుసు" అన్నాను. "కాళ్లు కడుక్కుని రండి, చారు చల్లారిపోతోంది."